గుండె స్కానింగ్ హడావుడి: నొప్పి ఉన్నవారు ఇంట్లో, లేనివారు క్యూలో

ఆత్మకూరు (మా విలేఖరి నుండి):

గుండెకు ఒక్కసారి స్కానింగ్ తీయించుకుంటే చాలు, పోటు వచ్చేదీ రానిదీ ముందే తేలిపోతుందన్న మాట మన పల్లెల్లో బాగా వ్యాపించింది. మెట్ట గ్రామాల్లో గానీ, కాలువ కింద ఊళ్ళలో గానీ ఎక్కడ నలుగురు కూర్చున్నా ఈ ప్రస్తావన రాక మానడం లేదు. కత్తి లేదు, కోత లేదు, పది నిమిషాల పని అని పట్నం వెళ్ళి వచ్చినవారు చెబుతున్నారు. కేంద్రాలవారిచ్చిన రంగు కాగితాలు కూడా తెచ్చి చూపిస్తున్నారు.

ఈ భయానికి కారణం లేకపోలేదు. 2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ళకే గుండెపోటుతో పోయారు. ఆ తర్వాత బెంగుళూరు ఆసుపత్రుల ముందు గుండె పరీక్షల కోసం జనం బారులు తీరారు. నాలుగు నెలలు తిరగకముందే, 2022 ఫిబ్రవరి 21న, మన ఆత్మకూరు శాసనసభ్యుడు, అప్పటి పరిశ్రమల శాఖ మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 50 ఏళ్ళ వయసులో హైదరాబాదులో హఠాత్తుగా కన్నుమూశారు. ఉదయగిరిలో జరిగిన అంత్యక్రియలకు వెళ్ళి వచ్చినవారు ఈ చుట్టుపక్కల ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. మరుసటి ఏడు జనవరి 27న కుప్పంలో పాదయాత్రలో నటుడు తారకరత్న కుప్పకూలి, ఫిబ్రవరి 18న మరణించారు. ఆయనకప్పటికి నలభై ఏళ్ళు నిండలేదు. పేరున్నవారికే, డబ్బున్నవారికే దిక్కులేకపోతే మనబోటివాళ్ళ గతి ఏమిటన్న ప్రశ్న అప్పటినుంచీ జనాన్ని వదలడం లేదు.

"నాకు నొప్పి లేదు, ఆయాసం లేదు. అయినా లోపల ఏముందో చూపించుకుంటే పోలా అబ్బయా?" అని టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన ఈ విలేఖరిని అడిగారు. ఈ పరీక్షకు ఊరినిబట్టి, యంత్రాన్నిబట్టి ఎనిమిది వేల నుంచి పదిహేను వేల రూపాయల దాకా తీసుకుంటున్నారు. అంటే పుట్టి వడ్లమ్మితే వచ్చే డబ్బులో సుమారు సగం, ఒక్కోచోట ముప్పాతిక భాగం ఆ పది నిమిషాలకే పోతుందన్నమాట. అందువల్ల ఆ పెద్దాయన ప్రశ్నకు తీరిగ్గానే జవాబు వెతకవలసి ఉన్నది.

పరీక్షలో మోసం లేదని ముందే చెప్పాలి. గత ఇరవై ఏళ్ళలో గుండె వైద్యానికి కలిసివచ్చిన మంచి సాధనాల్లో ఇదొకటి. చిక్కల్లా అది ఎవరికోసం పుట్టిందో వారికి అందకపోవడం, ఎవరికి అక్కరలేదో వారి చేత కొనిపించడం.

రెండు "యాంజియో"లు

మన పల్లెల్లో "యాంజియో" అన్న ఒక్క మాటనే రెండు వేరు వేరు పరీక్షలకు వాడుతున్నారు. దానివల్ల చాలా గందరగోళం ఏర్పడుతున్నది. మొదటిది పాత పద్ధతి. మణికట్టు దగ్గర గానీ, తొడ మొదట్లో గానీ రక్తనాళంలోకి సన్నని గొట్టం ఎక్కించి, దాన్ని గుండె దాకా పోనిచ్చి, మందు చిమ్మి ఎక్స్‌రే బొమ్మలు తీస్తారు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ అనే వైద్యుడు 1958లో ఇంకేదో పరీక్ష చేస్తుండగా గొట్టం జారి, మందు నేరుగా గుండె ధమనిలోకి వెళ్ళింది. రోగికి ప్రాణాపాయం కలగలేదు సరికదా, ధమని బొమ్మ స్పష్టంగా కనిపించింది. ఆ పొరపాటులోంచే ఈ పద్ధతి పుట్టింది. రెండవది ఇప్పుడు అందరూ చెప్పుకుంటున్న సి.టి. యాంజియో. ఇందులో గొట్టం గుండె దాకా పోదు. చేతి నరానికి సెలైన్ సూది గుచ్చి అయోడిన్ కలిసిన మందు ఎక్కిస్తారు. ఆ మందు గుండె ధమనుల్లోకి చేరిన క్షణంలో గుండ్రని యంత్రం చుట్టూ తిరిగి బొమ్మలు తీస్తుంది.

గుండె ధమనులంటే గుండె కండకు రక్తం పారించే కాలువలు. పంటకాలువలో పూడిక పేరుకుంటే చివరి మళ్ళకు నీరు ఎట్లా అందదో, ఈ ధమనుల్లో కొవ్వు, సున్నం పేరుకుంటే గుండె కండకు రక్తం అట్లాగే అందదు. నడిచినప్పుడు, బరువెత్తినప్పుడు, మెట్లెక్కినప్పుడు ఛాతీ పట్టేసినట్లుండటం, ఆగితే తగ్గటం అందువల్లనే. పాత యాంజియో కాలువలో నీరు పారే దారిని మాత్రమే చూపిస్తుంది. సి.టి. యాంజియో నీటిదారితోపాటు కట్టలో దాగిన పూడికను కూడా చూపిస్తుంది. ఇది దాని ప్రత్యేకత.

సి.టి. యంత్రం పుట్టుక ఆసక్తికరమైనది. దాన్ని కనిపెట్టిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ ఇంగ్లండులో ఒక రైతు కొడుకు, పొలంలో యంత్రాల మధ్య పెరిగినవాడు. విశ్వవిద్యాలయం పట్టా కూడా లేదు. ఇ.ఎం.ఐ. కంపెనీలో ఇంజనీరుగా పనిచేశాడు. ఘంటసాల పాటలు మనకు వినిపించిన హెచ్.ఎం.వి. గ్రామఫోను రికార్డుల వెనుక ఉన్న కంపెనీ అదే. 1971 అక్టోబరు 1న లండన్ శివారు వింబుల్డన్‌లోని ఆసుపత్రిలో మొదటి రోగికి తల స్కానింగ్ తీశారు. 1979లో ఆయనకు, అలన్ కార్మాక్ అనే మరొక శాస్త్రజ్ఞునికి కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే తల కదలకుండా ఉంటుంది. గుండె ఒక్క క్షణం ఆగదు. అందుకే తల స్కానింగ్ వచ్చిన ముప్పై ఏళ్ళకు గానీ గుండె ధమనులను నమ్మకంగా చూడడం సాధ్యపడలేదు. 2004 ప్రాంతంలో ఒకే చుట్టులో 64 పొరల బొమ్మలు తీయగల యంత్రాలు వచ్చిన తర్వాతనే ఇది వాడుకలోకి వచ్చింది. మీరు వెళ్ళే చోట యంత్రం 64 పొరలదా, అంతకు పైదా, తక్కువదా అని అడగడానికి మొహమాటపడనక్కర లేదు. తక్కువదైతే డబ్బు దండగ.

బల్ల మీద ఏం జరుగుతుంది?

పరుగెత్తే కోడెను ఫొటో తీస్తే బొమ్మ అలికినట్లు వస్తుంది. గుండె కూడా అంతే. నాడి నిమిషానికి 60 దగ్గరకు దిగితే బొమ్మ తేటగా వస్తుంది. అందుకని నాడిని నెమ్మది పరిచే బిళ్ళ ముందుగా ఇచ్చి గంట సేపు కూర్చోబెడతారు. ఉబ్బసం ఉన్నవారికి ఆ జాతి బిళ్ళలు కొన్ని పడవు కాబట్టి ఉబ్బసం సంగతి ముందే చెప్పి తీరాలి. బల్ల మీదికి చేరాక ధమనులు విప్పారడానికి నాలుక కింద మరొక మందు పెడతారు. మగవారు పడకటింటి మాత్రలు వాడి ఉంటే ఆ రెండూ కలిసి రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. ఇది సిగ్గుపడి దాచవలసిన విషయం కాదు.

మందు నరంలోకి ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వేడెక్కుతుంది, మూత్రం జారినట్లు కూడా అనిపిస్తుంది. అది మామూలే. పది సెకన్లు ఊపిరి బిగబట్టమంటారు. అప్పుడు కదిలితే బొమ్మ చెడుతుంది. అంతకుముందు నాలుగు గంటలపాటు తిండి మానమంటారు, మంచినీళ్ళు తాగవచ్చు. కాఫీ, టీ, చుట్ట, సిగరెట్టు నాడిని పరుగెత్తిస్తాయి గనుక అవి ఆ రోజు కూడదు.

మూత్రపిండాల సంగతి విడిగా చెప్పుకోవాలి. మోకాళ్ళ నొప్పులకని, నడుం నొప్పులకని మన ఊళ్ళలో ఏళ్ళ తరబడి నొప్పి బిళ్ళలు మింగినవారు ఇంటికొకరుంటారు. చక్కెర జబ్బువారి సంఖ్య ఇక చెప్పనక్కర లేదు. ఇటువంటివారికి మూత్రపిండాలు తెలియకుండానే దెబ్బతిని ఉండవచ్చు. స్కానింగులో వాడే అయోడిన్ మందు అటువంటి మూత్రపిండాలకు అదనపు బరువు. కనుక క్రియాటినిన్ అనే చిన్న రక్తపరీక్ష చేయకుండా ఏ కేంద్రమైనా నేరుగా బల్ల ఎక్కిస్తే అక్కడినుంచి వచ్చేయడమే మేలు. చక్కెరకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారు దాన్ని ఆపాలా వద్దా అన్నది ఈ పరీక్ష ఫలితాన్నిబట్టి డాక్టరు చెబుతారు. గర్భిణులు తీయించుకోరాదు.

ఎక్స్‌రే కిరణాల భయం మునుపటంత లేదు. 2007 నుంచి 2017 మధ్య ఈ పరీక్షలో వాడే కిరణాల మోతాదు దాదాపు 78 శాతం తగ్గినట్లు 2018లో వెలువడిన అంతర్జాతీయ సర్వే తెలిపింది. మంచి యంత్రం మీద ఇప్పుడు పడే మోతాదు ఏడాది, రెండేళ్ళలో మట్టినుంచి, ఆకాశంనుంచి మనిషికి సహజంగా చేరేదానితో సమానం. అంతమాత్రాన ఏటేటా తీయించుకోవచ్చని కాదు.

నొప్పి ఉన్నవారికి మేలే

ఇక అసలు విషయం. నడిస్తే ఛాతీలో బరువు, ఆగితే తగ్గడం, అది గుండెదా కాదా అన్న అనుమానం. ఇటువంటివారి కోసం పుట్టినదీ పరీక్ష. స్కాట్లండులో ఇదే రకం నొప్పితో గుండె డాక్టర్ల దగ్గరకు వచ్చిన 4,146 మందిని రెండు జట్లుగా విడదీసి చూశారు. ఒక జట్టుకు మామూలు పరీక్షలు, రెండో జట్టుకు వాటితోపాటు సి.టి. యాంజియో చేశారు. ఐదేళ్ళు గడిచాక లెక్క తీస్తే గుండెపోటు వచ్చినవారు, గుండెజబ్బుతో పోయినవారు కలిపి మొదటి జట్టులో నూటికి 3.9 మంది, సి.టి. జట్టులో 2.3 మంది తేలారు. 2018లో ఈ ఫలితం ప్రకటించారు.

ఇందులో గమనించదగినది ఒకటున్నది. సి.టి. జట్టువారికి స్టెంట్లు, ఆపరేషన్లు ఎక్కువ చేసినందువల్ల ఈ మేలు కలగలేదు. ఐదేళ్ళలో అవి రెండు జట్లలోనూ ఇంచుమించు సమానమే. పూడిక ఉన్నదని బొమ్మలో కనబడినవారికి కొవ్వు తగ్గించే స్టాటిన్ బిళ్ళ, ఆస్పిరిన్ వేళకు మొదలుపెట్టారు. లేదని తేలినవారికి అనవసరపు మందులు ఆపారు. ప్రాణాలు కాపాడింది రోజుకు కొద్ది రూపాయల బిళ్ళ. యంత్రం అది ఎవరికివ్వాలో చెప్పింది. ఈ సంగతి మాత్రం ఏ రంగు కాగితంలోనూ కనబడదు!

ఐరోపాలో 3,561 మంది మీద జరిగిన మరొక పరిశీలన 2022లో వెలువడింది. అక్కడ సి.టి.ని నేరుగా పాత గొట్టం యాంజియోతో పోల్చారు. తర్వాతి మూడున్నరేళ్ళలో గుండెపోట్లు, పక్షవాతాలు, మరణాల విషయంలో రెండింటి మధ్య గట్టి తేడా తేలలేదు. అయితే పరీక్షలవల్లా, వాటి వెంట చేసిన చికిత్సలవల్లా కలిగే పెద్ద ప్రమాదాలు గొట్టం జట్టులో నూటికి 1.9 కాగా సి.టి. జట్టులో 0.5 మాత్రమే. అంటే అనుమానం తీర్చుకోవడానికే అయితే గొట్టం దాకా పోనక్కర లేదన్నమాట. ఇంగ్లండులో 2016 నుంచే ఇటువంటి నొప్పికి సి.టి.ని మొదటి పరీక్షగా సిఫారసు చేస్తున్నారు. మరొకవైపు చూస్తే, అమెరికాలో పదివేల మందిపై 2015లో వెలువడిన పరిశీలనలో ట్రెడ్‌మిల్ వంటి పాత పరీక్షలు చేయించుకున్నవారికీ, సి.టి. చేయించుకున్నవారికీ రెండేళ్ళలో జరిగిన నష్టం ఇంచుమించు ఒకటే. కనుక సి.టి. లేని ఊళ్ళో డాక్టరు ట్రెడ్‌మిల్ చేయిస్తానంటే రెండో రకం వైద్యం చేస్తున్నాడని అనుకోనక్కర లేదు.

ఇవన్నీ నొప్పితో డాక్టరు దగ్గరకు వచ్చినవారి లెక్కలు. టీ కొట్టు దగ్గరి పెద్దాయనలాగా ఏ బాధా లేనివారి సంగతి వేరు. అమెరికాలో యూటా రాష్ట్రంలో గుండె బాధలేవీ లేని 900 మంది చక్కెర రోగులను తీసుకుని, సగం మందికి ఈ స్కానింగ్ చేసి, సగం మందికి చేయకుండా, మంచి మందులు మాత్రం అందరికీ ఇస్తూ నాలుగేళ్ళు చూశారు. 2014లో ఫలితం చెప్పారు. స్కానింగ్ చేయించుకున్నందువల్ల గుండెపోట్లు గానీ, మరణాలు గానీ చెప్పుకోదగినంతగా తగ్గలేదు. చక్కెర రోగులకే అట్లా ఉంటే, ఏ జబ్బూ లేని ముప్పై ఏళ్ళ కుర్రవాడికి పుట్టినరోజు కానుకగా ఈ పరీక్ష చేయించడంలో అర్థం లేదు.

మధ్యేమార్గం ఒకటున్నది. మందు ఎక్కించకుండా ధమనుల్లో సున్నం ఎంత పేరుకున్నదో మాత్రమే కొలిచే కాల్షియం స్కోరు. దీని ఖర్చు తక్కువ. మధ్యవయసు దాటి, స్టాటిన్ బిళ్ళ మొదలుపెట్టాలా వద్దా అని డాక్టరే సందేహంలో ఉన్నప్పుడు ఇది పనికివస్తుంది. స్కోరు సున్నా వస్తే రాబోయే కొన్నేళ్ళకు ముప్పు బాగా తక్కువని అర్థం. అయితే అది నొప్పి లేనివారి మాట. నొప్పి ఉండి స్కోరు సున్నా వచ్చిందని ఊరుకోరాదు, సున్నం పట్టని మెత్తని పూడిక అందులో కనబడదు. బీపీ పట్టీకి, చక్కెర, కొలెస్టరాల్ రక్తపరీక్షలకు పట్టే ఖర్చు వీటన్నిటికంటే తక్కువ. ఏ బాధా లేనివారిలో ఎవరికి ముప్పున్నదో చెప్పడంలో ముందు అడగవలసినవి అవే. చుట్ట తాగే మనిషి పదివేలు పెట్టి స్కానింగ్ తీయించుకుని, బయటికొచ్చి చుట్ట ముట్టించడం ఈ విలేఖరి కళ్ళారా చూసినదే.

స్కానింగుకు ఆగకూడని నొప్పి

పల్లెల్లో జరుగుతున్న అసలు ప్రమాదం ఈ హడావుడి చాటున మరుగున పడిపోతున్నది. ఛాతీ మధ్యలో బిగదీసినట్లు, రాయి పెట్టినట్లు నొప్పి పట్టి, పావుగంటకు కూడా తగ్గకుండా, చెమటలు పోస్తూ, ఎడమచేతికో దవడకో వీపుకో పాకితే అది గుండెపోటుగానే భావించాలి. ఆడవారిలో, చక్కెర రోగుల్లో ఒక్కోసారి నొప్పి లేకుండా ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసం మాత్రమే ఉంటాయి. మనవాళ్ళు చేస్తున్నదేమిటి? "గ్యాస్ పట్టింది" అని సోడా తాగిస్తారు. ఆర్.ఎం.పి. చేత సూది వేయిస్తారు. తెల్లవారనీ అంటారు. ఇప్పుడు వీటికి తోడు "పొద్దున్నే నెల్లూరు పోయి స్కానింగ్ తీయిద్దాం" అన్న మాట కొత్తగా చేరింది. ఆ మాట వినడానికి తెలివైనదిగానే ఉంటుంది. ఒక్కోసారి దాని ఖరీదు ప్రాణం.

గుండెపోటులో ధమని రక్తపు గడ్డతో పూర్తిగా మూసుకుపోతుంది. దాన్ని పట్టుకోవడానికి సి.టి. అక్కరలేదు. పెద్దపోటును ఐదు నిమిషాల ఇ.సి.జి. చెప్పేస్తుంది. ఇ.సి.జి. బాగున్నా అనుమానం తీరకపోతే ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష ఉన్నది. ఆ రెండూ బాగుండి ఇంకా సందేహం మిగిలినప్పుడే ఆసుపత్రిలో సి.టి. ఆలోచన వస్తుంది. పెద్దపోటని తేలితే గడ్డను కరిగించే ఇంజక్షన్ ఇవ్వాలి, లేదా వెంటనే బెలూన్ చికిత్సకు పంపాలి. ఇంజక్షన్ మొదటి గంటల్లో చేసే మేలు తర్వాత చేయదు, పన్నెండు గంటలు దాటాక దానివల్ల ఆశించదగినది దాదాపు ఏమీ లేదు. గడిచే ప్రతి గంటా గుండె కండలో కొంత భాగం చచ్చిపోతూ ఉంటుంది.

ఖరీదైన ఈ ఇంజక్షన్‌ను ఎంపిక చేసిన ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చేందుకు ఆంధ్రప్రదేశ్‌లో 2023లో స్టెమీ కార్యక్రమం ప్రారంభించారు. చిన్న ఆసుపత్రిలో తీసిన ఇ.సి.జి.ని పెద్ద ఆసుపత్రి గుండె డాక్టరుకు పంపి, ఆయన చూసి చెప్పగానే ఇక్కడే ఇంజక్షన్ ఇచ్చి, తర్వాత పెద్ద ఆసుపత్రికి తరలించడం ఇందులోని పద్ధతి. 108 అంబులెన్సు మన రాష్ట్రంలో 2005 నుంచీ ఉన్నది. సొంత కారు సిద్ధంగా ఉంటే సంతోషమే, అయితే మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోవడం మాత్రం చేయరాదు.

నివేదిక చేతికి వచ్చాక

స్కానింగ్ తీయించుకున్నవారి ఇళ్ళలో మరొక కష్టం మొదలవుతున్నది. నివేదికలో "నలభై శాతం బ్లాకు" అని ఉంటే ఇంటిల్లిపాదికీ అన్నం సహించడం లేదు. చాలా నివేదికల చివర క్యాడ్-రాడ్స్ అని ఒక అంకె వేస్తారు. సున్నా నుంచి ఐదు దాకా ఉంటుంది. సున్నా అంటే పూడిక లేదు. ఒకటి అంటే పావు భాగం లోపు. రెండు అంటే పావు నుంచి సగం లోపు. ఈ రెండింటికీ మందులు, తిండి, నడక, పొగ మానడం చాలు, బెలూన్ ప్రసక్తే లేదు. మూడు అంటే సగం దాటి 69 శాతం దాకా. ఇక్కడ ఆ పూడిక నిజంగా రక్తాన్ని ఆపుతున్నదా అని మరొక పరీక్షతో తేల్చుకోవలసి రావచ్చు. నాలుగు అంటే 70 నుంచి 99 శాతం. అందులో 4బి అని ఉంటే ఎడమ మొదలు ధమనిలో సగానికి పైగానో, మూడు ధమనుల్లోనూ గట్టిగానో పూడిక ఉన్నదని అర్థం, ఆలస్యం చేయరాదు. ఐదంటే ఒక ధమని పూర్తిగా మూసుకున్నది.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. గట్టిగా సున్నం పట్టినచోట బొమ్మలో వెలుగు చిమ్మి, పూడిక ఉన్నదానికంటే పెద్దదిగా కనబడుతుంది. పూర్వం వేసిన సన్నని స్టెంటు లోపలి భాగం కూడా సరిగా కనబడదు. ముసలివారిలో, నాడి తప్పి కొట్టుకునేవారిలో అంకె తప్పే అవకాశం ఎక్కువ. రెండవది, చిన్న పూడికే గదా అని మందు మానేయరాదు. కాలువ కట్ట పూడిక ఎక్కువున్న చోటనే తెగాలని లేదు, బలహీనంగా ఉన్న చోట తెగుతుంది. గుండెపోట్లు చాలావరకు అట్లా మెత్తని చిన్న పూడిక చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి వచ్చేవే. స్టాటిన్ బిళ్ళ చేసే పని ఆ కట్టను గట్టిపరచడం.

డెబ్బై శాతం అని వచ్చినవారికి "రేపే బెలూన్ వేయకపోతే మనిషి దక్కడు" అన్న మాట వినిపిస్తుంటుంది. నొప్పి నిలకడగా, నడిస్తేనే వచ్చేదిగా ఉన్నవారి విషయంలో ఆ తొందరకు ఆధారం లేదు. మన దేశంతో సహా 37 దేశాల్లో 5,179 మందిపై జరిపి 2020లో ప్రచురించిన ఇస్కీమియా అనే పరిశీలనలో, మంచి మందులతోపాటు ముందుగానే స్టెంటు గానీ బైపాస్ గానీ చేసినవారికీ, మందులతోనే ఆగి అవసరమైతేనే చేయించుకున్నవారికీ మూడేళ్ళ పైచిలుకులో మరణాలు, గుండెపోట్ల విషయంలో తేడా కనబడలేదు. నొప్పి ఎక్కువగా ఉన్నవారికి మాత్రం స్టెంటు, బైపాస్‌లతో ఉపశమనం బాగా కలిగింది. ఎడమ మొదలు ధమనిలో పూడిక ఉన్నవారిని ఆ పరిశీలనలో చేర్చుకోలేదు. వారిని ముందే ఏరివేయడానికి చాలామందికి వాడిన సాధనం ఈ సి.టి. యాంజియోనే కావడం విశేషం. గుండె బాగా బలహీనపడ్డవారికి, కొత్తగా పోటు వచ్చినవారికి కూడా ఈ లెక్క వర్తించదు.

డబ్బు సంగతికి వస్తే, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం కింద అర్హులకు స్టెంటు, బైపాస్ చికిత్సలు అందుతున్నాయి. స్టెంట్ల ధరలకు కేంద్రప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో కళ్ళెం వేసింది. మందు పూసిన రకానికి అప్పట్లో 29,600 రూపాయలు గరిష్ఠధరగా నిర్ణయించారు. అంతకుముందు లక్ష దాటి వసూలు చేసిన సందర్భాలుండేవి. కనుక స్కానింగ్ నివేదిక చేతికి రాగానే ఆ కేంద్రం పక్క ఆసుపత్రిలోనే చేరిపోకుండా, సి.డి.తో సహా నివేదిక తీసుకుని పథకంలో ఉన్న మరొక ఆసుపత్రి గుండె డాక్టరుకు చూపించుకునే వ్యవధి నిలకడ నొప్పివారికి ఉన్నది. సి.డి. ఇవ్వమని అడగడం రోగి హక్కు.

ఆత్మకూరునుంచి నెల్లూరు యాభై కిలోమీటర్ల పైచిలుకు. ఉదయగిరినుంచి దాదాపు వంద. స్కానింగ్ కేంద్రం ఎక్కడున్నదో ఆ దారి పొడుగునా గోడలే చెబుతున్నాయి. అర్ధరాత్రి ఛాతీ నొప్పి వస్తే ఇ.సి.జి. తీసి, గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇచ్చే ఆసుపత్రి తమకు దగ్గరలో ఏదో ఈ విలేఖరి అడిగిన పదిమందిలో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఆ ఆసుపత్రి పేరు, ఫోను నంబరు, రాత్రిపూట డాక్టరు ఉండేదీ లేనిదీ ప్రతి పంచాయతీ కార్యాలయం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించవలసిందిగా జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారులను మెట్ట గ్రామాల ప్రజలు కోరుతున్నారు.